బీపీటీ 5204 విత్తనం మూడు పద్ధతుల్లో: కేసీ కాలువ కింద ఒక ఖరీఫ్ అనుభవం

గత ఖరీఫ్‌లో కర్నూలులోని ఒక విత్తనాల అంగడిలో బీపీటీ 5204, అంటే అందరూ సాంబ మసూరి అని పిలిచే రకం, ధ్రువీకరణ విత్తనం 25 కిలోల సంచులు మూడు కొన్నాను. సుంకేసుల నుంచి కర్నూలు వైపు వచ్చే కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద మాకు ఉన్న మూడెకరాల నల్లరేగడిలో ఒక ఎకరాను ట్రాక్టరు గొర్రుతో పొడి దుక్కిలోనే ఎద పెట్టాను, అంటే నారు పోయకుండా నేరుగా విత్తాను, ఒక ఎకరాలో దమ్ము చేసి, బురద మీద సాళ్లుగా గింజ రాల్చే డ్రమ్ సీడరుతో విత్తాను, మిగిలిన ఎకరాను ఎప్పటిలాగే నారు పోసి నాటించాను. ఒకే రకం విత్తనం, ఒకే నేల, ఒకే చేతులు; పద్ధతులు మాత్రమే వేరు. కాబట్టి ఈ విత్తనం ఏ పద్ధతిలో ఎంతవరకు నిలబడుతుందో నా కళ్లతో చూసినంత మేరకు రాయగలననుకుంటున్నాను. అన్నం రుచి గురించో, మార్కెట్లో పలికే ధర గురించో ఇక్కడ ఎక్కువ రాయను. కర్నూలు సోనా పేరుతో ఈ బియ్యం ఎన్ని ఊళ్లకు వెళుతున్నదో మనవాళ్లకు చెప్పనక్కరలేదు. నేను రాయదలచుకున్నది గింజ మట్టిలో పడిన నాటి నుంచి మొక్కగా నిలదొక్కుకునే నాటి వరకు గడిచే మూడు నాలుగు వారాల గురించి మాత్రమే. ఎద పద్ధతిలో పంట భవిష్యత్తు చాలావరకు ఆ వారాల్లోనే తేలిపోతుంది.

ముందు సంచి సంగతి. నీలిరంగు ట్యాగు, లాటు నంబరు, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. వరి ధ్రువీకరణ విత్తనానికి మొలక శాతం కనీసం 80, భౌతిక స్వచ్ఛత కనీసం 98 శాతం ఉండాలి, తేమ 13 శాతం దాటకూడదు. మామూలుగా పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు ఆ ధ్రువీకరణకు గడువు. ఇంటికి తెచ్చిన రోజే నూరు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచితే 91 మొలిచాయి. తాలు చాలా తక్కువ, కలుపు గింజ ఒక్కటీ కనిపించలేదు, కేళీలు, అంటే ఇతర రకాల మొక్కలు, తర్వాత పొలంలో కూడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే వచ్చాయి. ట్యాగు మీద రాసిన మాటకు సంచిలోని సరుకు పూర్తిగా కట్టుబడి ఉంది. ఆ విషయంలో ఎవరికీ సందేహం అక్కరలేదు.

అయితే ఆ ట్యాగు చెప్పే మొలక శాతం ప్రయోగశాలలో సమానమైన వేడి, సరిపడా తేమ, ధారాళమైన గాలి అందించి, కాగితం మీద పరిచిన గింజలకు సంబంధించినది. పద్నాలుగో రోజున చివరి లెక్క తీస్తారు. గింజలో ప్రాణం ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు అది నిజాయతీగల సమాధానమే. కానీ మన మడిలో గింజ పైన రెండు మూడు వేళ్ల మందం మట్టి ఉంటుంది, వాన పడి ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది, పల్లంలో నీళ్లు నిలుస్తాయి, ఊద గడ్డి పక్కనే పోటీకి నిలబడుతుంది. ఇంతటి అడ్డంకిని దాటి ఆ గింజ పైకి రాగలదా అన్న ప్రశ్న ట్యాగు మీద ఎక్కడా లేదు. నాట్లు వేసేవాళ్లకు ఆ ప్రశ్న పెద్దగా అవసరం పడలేదు కాబట్టే ఇన్నేళ్లు ఎవరూ అడగలేదు. నారుమడిలో మెత్తని బురద మీద మండె కట్టిన (నానబెట్టి మొలకెత్తించిన) గింజను చల్లి, పిట్టల నుంచి, ఎండ నుంచి కాపాడి, పసిబిడ్డలా పెంచి, నెల రోజుల మొక్కను తీసుకెళ్లి నాటే పద్ధతిలో గింజ బలహీనత బయటపడే అవకాశమే ఉండదు.

ఇప్పుడు ఆ అవకాశం వచ్చింది. తుంగభద్రలో నీళ్లు వచ్చి కాలువకు వదిలేదాకా నారు పోయలేం. నీళ్లు ఆలస్యమైతే నారు ముదురుతుంది, నాట్ల కూలీలు అందరికీ ఒకేసారి కావలసి వస్తుంది, సుమారు 150 రోజుల ఈ పంట పూత దశకు వచ్చేసరికి చలి ముంచుకొస్తుంది. వర్షాధారంగా ముందే ఎద పెట్టి, కాలువ నీళ్లు వచ్చాక మాగాణిగా మార్చుకుంటే నారుమడి, దమ్ము, నాట్ల ఖర్చులన్నీ తప్పుతాయి, పంట కూడా వారం పది రోజులు ముందు చేతికి వస్తుంది. అందుకే మా చుట్టుపక్కల చాలామంది ఎద వైపు చూస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఇదే సాంబ మసూరి విత్తనం.

గొర్రుతో విత్తిన ఎకరా అనుభవాన్ని కొంచెం విపులంగా చెప్పాలి. జూన్ చివరి వారంలో మంచి వాన పడి పదును కుదిరాక, ఎకరాకు 20 కిలోల లెక్కన, సాళ్ల మధ్య తొమ్మిది అంగుళాల దూరంతో విత్తించాను. అద్దెకు వచ్చిన ట్రాక్టరు అంతకు ముందు రోజే పత్తికొండ వైపు వేరుశనగ విత్తి వచ్చింది. సాలు తవ్వి చూస్తే గింజ రెండంగుళాలకు పైగా లోతులో పడుతున్నది. ఇంత లోతు ఎందుకని అడిగితే డ్రైవరు, "అన్నా, బుడ్డలకు పెట్టిన లోతే ఇది. లోపల పదును తగిల్తేనే వడ్లు కూడా బాగా లేస్తాయి" అన్నాడు. ఆ మాటలో తప్పుడు ఉద్దేశం ఏమీ లేదు. వేరుశనగ గింజకు అది సరైన లోతే, ఆ గింజకు ఉన్న బలం వేరు. నేను కూడా పదును పోతుందన్న భయంతో ఒప్పుకున్నాను. ఈ రకం వడ్లు వెయ్యి గింజలు తూస్తే పదిహేను గ్రాములు కూడా సరిగా ఉండవు కాబట్టి, ఎకరాకు 20 కిలోలంటే సాలులో మీటరుకు 75 గింజల దాకా పడినట్టు లెక్క. పద్నాలుగో రోజున పది చోట్ల కొలకర్ర వేసి లెక్కపెడితే, మడి నడుమ మీటరుకు సగటున 19 మొక్కలు మాత్రమే ఉన్నాయి. గట్ల పక్కన, ట్రాక్టరు మలుపు తిరిగే చోట గొర్రు పైకి లేచి గింజ పైపైనే పడిన భాగంలో మాత్రం 52 మొక్కలు వచ్చాయి. గుడ్డలో నూటికి 91 మొలిచిన గింజే అది.

ఖాళీ సాళ్లను చేత్తో తవ్వి చూశాను. గింజలు కుళ్లలేదు, చీడ పట్టలేదు. చాలావరకు మొలిచాయి, తెల్లని మొలక పైకి బయలుదేరింది, నేల పైకి రాకముందే మట్టిలో వంకర తిరిగి ఆగిపోయింది. మొలక తొడుగు చిరిగి లోపలి ఆకు మట్టిలోనే విచ్చుకుపోయినవి కూడా ఉన్నాయి. ప్రయాణం మొదలుపెట్టి దారిలో సత్తువ చాలక కూలబడిపోయిన ఆ మొలకలను అరచేతిలో పెట్టుకుని చూసినప్పుడు కలిగిన బాధ ఎద పెట్టిన రైతులందరికీ తెలుసు.

దాని కారణాన్ని తెలుసుకోవాలని మిగిలిన విత్తనంతో ఇంట్లోనే చిన్న పరీక్ష చేశాను. మడి మట్టిని చిదిపి ప్లాస్టిక్ తొట్లలో నింపి, రెండు, నాలుగు, ఆరు సెంటీమీటర్ల లోతుల్లో నూరేసి గింజలు పెట్టి, సమానంగా తడి ఇచ్చాను. పద్నాలుగు రోజులకు రెండు సెంటీమీటర్ల నుంచి 84, నాలుగు సెంటీమీటర్ల నుంచి 58, ఆరు సెంటీమీటర్ల నుంచి 17 మొక్కలు పైకి వచ్చాయి. ఇది ఒక ఇంటి పరీక్షే, శాస్త్రవేత్తల ప్రయోగానికి సాటి కాదు. కానీ మడిలో చూసినదీ తొట్లలో చూసినదీ ఒకే కథ చెప్పాయి.

ఆ కథకు మూలం ఈ రకం పుట్టుకలోనే ఉంది. బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204కు జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి అనే మూడు రకాలు తల్లిదండ్రులు. సన్నదనం, వంట నాణ్యత మిగిలిన ఇద్దరి వైపు నుంచి వస్తే, పడిపోకుండా నిలబడే పొట్టి కాండం తైచుంగ్ నేటివ్ 1 వైపు నుంచి వచ్చింది. ఆ పొట్టి గుణానికి కారణమైన జన్యువు తైవాన్ ప్రాంతపు పాత రకమైన డీ జియో వూ జెన్‌ది. 1966లో విడుదలైన ఐఆర్ 8 అనే పొట్టి వరి రకంలో ఉన్నదీ అదే. ప్రపంచమంతటా వరి దిగుబడులను మార్చేసిన ఆ జన్యువు మొక్కలో జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోను తయారీని తగ్గిస్తుంది. కాండం పొట్టిగా ఉండటానికి అదే కారణం. అయితే ఆ హార్మోను తగ్గితే కాండంతోపాటు మొలక కూడా పొట్టిదవుతుంది. గింజకూ మొలక తొడుగుకూ మధ్య ఒక సన్నని కాడ ఉంటుంది, దాన్ని మీసోకాటిల్ అంటారు. గింజ లోతుగా పడినప్పుడు ఆ కాడ సాగి, మొలకను నేల పైదాకా మోసుకొస్తుంది. పొట్టి రకాల్లో అది చాలావరకు సెంటీమీటరు కూడా సాగదు. అందుకే లోతు పెరిగేకొద్దీ మొక్కల సంఖ్య అంత వేగంగా పడిపోతుంది.

రెండో కారణం ఇంకా దగ్గరిది. మనం ఈ బియ్యాన్ని ఇష్టపడేది సన్నదనానికే, వ్యాపారి ధర పెట్టేదీ దానికే. కానీ మొలకకు, ఆకు వచ్చి ఎండను పట్టుకునేదాకా, గింజలో దాచిన పిండే తిండి. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 1010 రకం వెయ్యి గింజలు ఇరవై గ్రాములు దాటి తూగితే, సాంబ మసూరి పదిహేనుకు అటూ ఇటూగా ఆగుతుంది. అంటే దారి ఖర్చులకు కట్టిచ్చిన మూటే చిన్నది. కంచంలో మనకు నచ్చిన సన్నదనమూ, పొలంలో మనకు నచ్చిన పొట్టిదనమూ రెండూ కలిసి మట్టిలోని మొలక మీదే భారం మోపుతున్నాయని తెలిసిన తర్వాత, ఈ రకాన్ని తప్పుపట్టడం కంటే దానికి మనం అప్పగించిన పనిని మళ్లీ ఆలోచించుకోవడమే న్యాయమనిపించింది. నాట్ల కోసం పుట్టిన రకం ఇది. నాట్లు వేసిన మడుల్లోనే దీన్ని ఎంపిక చేశారు. లోతైన సాలులోంచి ఎవరు ముందు పైకి వస్తారన్న పోటీ దానికి ఎన్నడూ పెట్టలేదు.

గొర్రు ఎకరాలో మొక్క పైకి వచ్చిన తర్వాత కూడా కష్టాలు తీరలేదు. మొలక పలచగా, ఆలస్యంగా రావడంతో ఊద, తుంగ ముందే లేచాయి. విత్తిన రెండు రోజుల్లోపే పెండిమిథాలిన్ అనే కలుపు మందు చల్లినా, ఖాళీ సాళ్లలో తర్వాత వచ్చిన కలుపు దాని అదుపులో లేదు. ఇరవయ్యో రోజు ప్రాంతంలో బిస్పైరిబాక్ సోడియం అనే మరో కలుపు మందు ఎకరాకు 100 మిల్లీలీటర్ల చొప్పున కొట్టి, ఆపైన ఒకసారి కూలీలతో తీయించాల్సి వచ్చింది. నాలుగో వారంలో లేత ఆకులు పసుపు నుంచి తెలుపుకు తిరిగాయి. నల్లరేగడిలో నీళ్లు నిలవకుండా పెరిగే వరికి ఇనుము అందకపోవడం మామూలే. అన్నభేది 20 గ్రాములు, నిమ్మ ఉప్పు 2 గ్రాములు లీటరు నీటికి కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే పచ్చదనం తిరిగి వచ్చింది. కాలువ నీళ్లు వచ్చాక మాత్రం ఈ రకం తన సహజ గుణం చూపింది. ఖాళీల పక్కనున్న మొక్కలు విపరీతంగా పిలకలు పెట్టి చాలావరకు చోటు నింపాయి. పిలకలు పెట్టడంలో సాంబ మసూరికి ఉన్న ఓర్పు లేకపోతే ఆ ఎకరాను దున్నేసి ఉండేవాణ్ణి.

డ్రమ్ సీడరు ఎకరా అనుభవం దీనికి పూర్తిగా భిన్నం. ఎకరాకు 13 కిలోలు చాలింది. ఒక రోజు నానబెట్టి, ఒక రోజు మండె కట్టి, ముక్కు పగిలి తెల్లగా కనిపించగానే, మొలక పొడుగు సాగకముందే డ్రమ్ములో మూడింట రెండు వంతులు నింపి లాగాం. నాలుగు డ్రమ్ములు, ఎనిమిది సాళ్లు, సాలుకు సాలుకు 20 సెంటీమీటర్లు. గింజ బురద పైనే పడుతుంది కాబట్టి లోతు సమస్య ఉండదు. అయిదో రోజుకే మడి అంతా సాళ్లు పచ్చగా కనిపించాయి. ఈ పద్ధతికి ఈ విత్తనం బాగా సరిపోతుందని నిస్సంకోచంగా చెబుతాను, ఒక్క షరతు మీద: మడి చదునుగా ఉండాలి. మా మడిలో తూర్పు మూల ఒక పల్లం ఉంది. విత్తిన మూడో రాత్రి వాన పడి అక్కడ జానెడు నీళ్లు నిలిచాయి. వాటిని బయటికి తీసేసరికి అయిదు రోజులు పట్టింది. ఆ మూలలో దాదాపు ఏమీ మిగలలేదు.

నీళ్లలో గింజకు ఏమవుతుందన్నది వరి గురించి తెలుసుకోవలసిన విషయాల్లో నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది. గోధుమ, బార్లీ గింజలు గాలి ఆడని నీళ్లలో మొలవలేవు. వరి మొలవగలదు. వేరును తర్వాతికి ఆపుకొని, మొలక తొడుగును మాత్రం గొట్టంలా పైకి సాగదీసి, నీటి మట్టం దాటి గాలి అందుకునేదాకా లోపలి పిండిని కొంచెం కొంచెంగా చక్కెరగా మార్చుకుంటూ బతుకుతుంది. కానీ ఆ శక్తి అన్ని రకాల్లో సమానంగా ఉండదు. మనం సాగుచేస్తున్న ఎక్కువ రకాలు ఆ గాలి అందేలోపే అలసిపోతాయి. పరిశోధనా కేంద్రాల్లో ఈ గుణాన్ని పరీక్షించడానికి ఎండు గింజను సెంటీమీటరు మట్టి కింద పెట్టి, పైన ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల నీళ్లు నింపి, మూడు వారాల తర్వాత బతికిన మొక్కలను లెక్కిస్తారు. అదే పద్ధతిలో నేను ఒక తొట్టి పెడితే నూటికి 11 మాత్రమే నీళ్ల పైకి ఆకు చూపాయి. తూర్పు మూల ఎందుకు ఖాళీ అయిందో ఆ తొట్టి చూశాక ఇక వేరే వివరణ అవసరం రాలేదు.

నాట్ల ఎకరా గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. నారు ఒకే తీరుగా, దిట్టంగా వచ్చింది, నాటిన వారానికే పచ్చబడింది, ఆ తర్వాత కాలువ నీళ్లు ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ పెట్టలేదు. దిగుబడి లెక్కలు కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: 75 కిలోల బస్తాల్లో నాట్ల ఎకరా 33, డ్రమ్ సీడరు ఎకరా 31, గొర్రు ఎకరా 24 ఇచ్చాయి. నారుమడి, దమ్ము, నాట్ల కూలీ తీసేసి చూస్తే డ్రమ్ సీడరు ఎకరాలోనే చేతిలో ఎక్కువ మిగిలింది. గొర్రు ఎకరా మిగతావాటికంటే తొమ్మిది రోజులు ముందు కోతకు వచ్చినా, పోయిన తొమ్మిది బస్తాలను ఆ లాభం పూడ్చలేదు. మొలక సరిగా వచ్చిన గట్ల పక్కన పంట మాత్రం నాట్ల ఎకరాకు ఏమాత్రం తీసిపోలేదు. ఈ మాటను నేను ప్రత్యేకంగా నొక్కి చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఎద పద్ధతిలో లోపం పద్ధతిలో కంటే మొలకలోనే ఉన్నదనడానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం అదే.

మరి మొలక బలం ఉన్న సాంబ మసూరి రావడం సాధ్యమేనా? సాధ్యమేననడానికి ఆధారాలు ఇప్పటికే ఉన్నాయి. నీళ్లలో మొలిచే గుణానికి సంబంధించి మయన్మార్‌కు చెందిన ఖావో హ్లాన్ ఆన్ అనే సంప్రదాయ రకంలో, తొమ్మిదో క్రోమోజోము మీద ఒక భాగాన్ని శాస్త్రవేత్తలు గుర్తించి ఏజీ1 అని పేరు పెట్టారు. అందులో అసలు పని చేసే జన్యువు మొలకలో చక్కెర సరిపోయినంత ఉందన్న సంకేతాన్ని తగ్గించి, గింజలోని పిండి ఆగకుండా కరిగి మొలకకు చేరేలా చేస్తుందని 2015లో ప్రకటించారు. చైనాకు చెందిన మా జాన్ రెడ్ అనే రకం నుంచి ఏడో క్రోమోజోము మీది మరో భాగాన్ని ఏజీ2గా గుర్తించారు. ఏజీ1ను అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 64 అనే రకంలోకి, మునకను తట్టుకునే సియెరాంగ్ సబ్1 అనే ఇండోనేసియా రకంలోకి కూడా చేర్చింది. ఇక మీసోకాటిల్ పొడుగు సాగే గుణం మన దేశపు పాత మెట్ట రకాల్లోనే ఉంది. వేడిని, బెట్టను తట్టుకోవడానికి పేరుపొందిన నగీనా 22, కసలత్, బ్లాక్ గోరా లాంటివి ఆ కోవకు చెందినవే. మా తాతగారి కాలంలో గొర్రుతోనే విత్తి, వానతోనే పండించిన పొడుగు వడ్లు లోతైన సాలులోంచి కూడా అలవోకగా లేచేవని పెద్దలు చెప్పేవారు. పొట్టిదనం కోసం మనం ఆ పొడుగును వదులుకున్నప్పుడు, మొలక పొడుగు కూడా దానితోపాటు పోయింది. ఇప్పుడు కాండాన్ని పొట్టిగానే ఉంచి, మీసోకాటిల్ సాగేలా చేసే ఇతర జన్యువులను వెనక్కి తెచ్చుకోవాలి.

ఇలా చేర్చితే సాంబ మసూరి అన్నం మారిపోతుందేమోనన్న భయం సహజం. మన అనుభవంలోనే దానికి సమాధానం ఉంది. ఈ రకానికి బాక్టీరియా ఆకు ఎండు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) కలిసి జన్యు గుర్తుల సాయంతో మూడు నిరోధక జన్యువులను ఇందులోకి చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిగా విడుదల చేశాయి. గింజ సన్నదనం, వంట గుణం అలాగే నిలిచాయి. తెగులు కోసం చేయగలిగిన పనిని మొలక కోసం కూడా చేయవచ్చు. 2025 మేలో ప్రకటించిన జన్యు సవరణ వరి రకం డీఆర్‌ఆర్ ధాన్ 100కు కూడా సాంబ మసూరే పునాది. అక్కడ సవరించినది వెన్నులో గింజల సంఖ్యను నియంత్రించే జన్యువును, పంట కాలం కూడా తగ్గిందని ప్రకటించారు. అంత శ్రద్ధ ఈ రకం మీద పెట్టగలిగినప్పుడు, మట్టిలోంచి పైకి వచ్చే శక్తి మీద కూడా పెట్టాలని అడిగే హక్కు కేసీ కాలువ కింద రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు రైతులకు ఉంది. నీళ్లలో మొలిచే గుణం వస్తే లాభం మొలకతో ఆగదు. విత్తిన వెంటనే పలచగా నీళ్లు పెట్టుకోగలిగితే ఊద గడ్డి మొలవడమే తగ్గుతుంది, కలుపు మందు ఖర్చు తగ్గుతుంది. నంద్యాలలో 1906 నుంచి ఉన్న ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఈ నేలలను ఎరిగినది, ఎన్‌డీఎల్‌ఆర్ 7, ఎన్‌డీఎల్‌ఆర్ 8 వరి రకాలు అందించినది. కొత్త రకాల ఎంపికలో నాటిన మడులతోపాటు నల్లరేగడిలో లోతుగా ఎద పెట్టిన మడి, విత్తాక నీళ్లు నిలిపిన మడి కూడా ఉండాలని నా కోరిక. ఏ తరం దగ్గర ఆ పరీక్ష పెడితే ఆ తరం నుంచే బలహీనమైన మొలకలు వాటంతట అవే తప్పుకుంటాయి.

విత్తన సంస్థలకు, అంగళ్లకు కూడా ఒక మాట. సంచి మీద 80 శాతం మొలక అని రాయడం చట్టం కోరినది, అది ఉండాలి. దానితోపాటు ఈ రకాన్ని గరిష్ఠంగా ఎంత లోతులో విత్తవచ్చో, ఏ పద్ధతికి పనికివస్తుందో, ఏ పద్ధతికి జాగ్రత్త అవసరమో రెండు పంక్తులు ముద్రిస్తే ఎకరాలకు ఎకరాలు పలచబడకుండా ఉంటాయి. నేను కొన్న అంగడిలో ఎదకు పెట్టవచ్చా అని అడిగితే "పెట్టొచ్చు సార్, చానామంది పెడతాండారు" అన్నారే తప్ప లోతు మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్లకు కూడా ఎవరూ చెప్పి ఉండరు.

కొనాలా వద్దా అని అడిగేవారికి నా అభిప్రాయం ఇది. నాట్లు వేసేవాళ్లు కళ్లు మూసుకుని కొనవచ్చు, తెగులు భయం ఉన్న చోట మెరుగైన సాంబ మసూరి దొరికితే అది తీసుకోవడం మేలు. డ్రమ్ సీడరు వాడేవాళ్లు లేజరుతోనో, కనీసం నీళ్లు పెట్టి పలకతోనో మడిని సమం చేసుకోగలిగితే నిశ్చింతగా కొనవచ్చు. పల్లాలు మిగిలితే విత్తిన మొదటి వారం వాన నీళ్లు బయటికి పోయే దారి ముందే తవ్వి ఉంచుకోవాలి. పొడి దుక్కిలో గొర్రుతో ఎద పెట్టేవాళ్లు, ప్రస్తుతం దొరుకుతున్న సాంబ మసూరిని రెండు నుంచి మూడు సెంటీమీటర్లకు మించి లోతు పోనివ్వకుండా విత్తగలిగితేనే కొనాలి. ట్రాక్టరు వచ్చాక గొర్రు పళ్ల లోతు తగ్గించమని అడగడం, మొదటి సాలు పూర్తికాగానే తవ్వి స్కేలుతో కొలవడం, పై పదును ఆరిపోతుందన్న భయం ఉంటే లోతు పెంచకుండా వాన తర్వాతి రోజే విత్తడం మన చేతిలో ఉన్న పనులు. సంచి విప్పిన రోజే గుడ్డలో నూరు గింజలు, తొట్టిలో నాలుగు సెంటీమీటర్ల లోతులో నూరు గింజలు పెట్టుకుంటే రెండు వారాల్లో రెండు అంకెలు చేతికి వస్తాయి. ఆ రెండింటి మధ్య తేడా ఎంత పెద్దదైతే గొర్రు లోతు విషయంలో అంత జాగ్రత్త పడాలి.

వచ్చే ఖరీఫ్‌లో గొర్రు ఎకరాను మానుకోవడం లేదు. అదే విత్తనాన్ని, ఈసారి నేనే దగ్గరుండి రెండు సెంటీమీటర్ల లోతుకు పెట్టించి, నడుమ రెండు సాళ్లు మాత్రం పాత లోతులోనే వదిలి, పద్నాలుగో రోజున మళ్లీ కొలకర్ర వేస్తాను.